మాటబండ మీద ఇద్దరు రాజులు

"రాజుగారా? రాజుగారు ఊళ్ళోకొచ్చి నెల్లాళ్ళయింది గదయ్యా!" అన్నాడు పడవవాడు, తెడ్డు భుజాన వేసుకుని.

అరాంత నది ఒడ్డున, ఒళ్ళంతా దుమ్ము కొట్టుకుపోయి, నురగలు కక్కుతున్న గుర్రం కళ్ళెం పట్టుకుని నిలబడ్డ మనిషి ఆ మాట విని పకపకా నవ్వాడు. అతనే పెలియ దేశపు రాజు నియాంద్రుడు. తాను ఊళ్ళో ఉన్నానన్న సంగతి ఊరి బయట నిలబడి వినడం ఎంత గొప్ప రాజుకైనా అరుదుగా దక్కే యోగం.

"విన్నావా గోర్గసా! నేను వచ్చి నెలయిందట."

"విన్నాను ప్రభూ. అయితే ఈ పది రోజులూ తిండీ నిద్రా లేకుండా నన్ను పరుగెత్తించిన మహానుభావుడెవరో చెప్పండి, వాడి సంగతి నేను చూస్తాను."

గోర్గసుడు రాజుగారి అంగరక్షకుడు. అరవై ఏళ్ళవాడు. ఎడమ చెవి ఏదో యుద్ధంలో పోయింది. ఏ యుద్ధమని అడిగితే మాత్రం అడిగినవాళ్ళను బట్టి ఒక్కో పేరు చెబుతాడు.

నిజానికి వాళ్ళిద్దరికీ ఇది కొత్త కబురు కాదు. పది రోజుల కిందట తూర్పు సరిహద్దు శిబిరానికి ఒక పావురం వచ్చింది. దాని కాలికి కట్టిన బెరడు ముక్క మీద, రాజు చెల్లెలు క్లియోన సూదిమొనతో ఇలా గీసింది.

"అన్నయ్యా, నీ ముఖం పెట్టుకుని ఒకడు నీ సింహాసనం మీద కూర్చున్నాడు. వాడు తినడు, నిద్రపోడు, రెప్ప వేయడు. తోరస ద్వీపం నుంచి వచ్చిన మాంత్రికుడు మెలాంతకుడు వాణ్ణి ఆడిస్తున్నాడు. ప్రమాణం రోజున వాడి చేత మన దేశాన్ని ద్వీపం పాలు చేయిస్తాడు. నాకు తెలిసిపోయిందని నన్ను గోపురంలో బంధించాడు. ఆ రోజు మధ్యాహ్నం లోపల రా."

ఆ ప్రమాణం సంగతి చెప్పాలి. పెలియ దేశంలో రాజరికం ఒకసారి చేతికొస్తే చచ్చేదాకా ఉండిపోయేది కాదు. ఏడాదికోసారి, కోతలు ముగిసిన మర్నాడు, దాన్ని జనం దగ్గర మళ్ళీ అడిగి పుచ్చుకోవాలి. ఆ పొద్దున సూర్యుడు లేచిన క్షణం నుంచి దేశానికి రాజే ఉండడు. కిరీటం తీసి గంపలో పెడతారు. ఎంత పేదవాడైనా అతన్ని "నువ్వు" అనవచ్చు, తిట్టవచ్చు కూడా. నగరం నడుమ మాటబండ అనే నల్లరాయి ఉంది. దాని మీద పాతిన కర్ర నీడ కర్ర మొదట్లోకి చేరేలోగా, రాజు ఆయుధం లేకుండా బండెక్కి "చట్టం ప్రకారం ఏలుతాను" అనాలి. జనం "చట్టం ప్రకారం నిలుపుతాం" అనాలి.

అంతటితో అయిపోదు. ఏటా చీటీ తీసి ఒక మామూలు మనిషిని ఎంచుతారు. ఆ మనిషి ప్రమాణానికి ఒక కొత్త వాక్యం చేరుస్తాడు. అది ఎలాంటిదైనా సరే రాజు తిరిగి పలకాలి. పలక్కపోతే గంపలో కిరీటం గంపలోనే ఉంటుంది. ఇన్నేళ్ళలో చేరినవాటిలో "ఉల్లిపాయల మీద పన్ను వేయను" అన్న వాక్యముంది. "బావి దగ్గర నా గుర్రాన్ని ముందు తాగనివ్వను" అన్నదీ ఉంది. బండ మీద పలికిన మాట మాత్రం వెనక్కి రాదు. అందుకే మెలాంతకుడు ఈ రోజు కోసం కాచుక్కూర్చున్నాడు.

ఆ రోజు ఇదే. సూర్యుడు అప్పుడే బారెడు పైకొచ్చాడు.

"తెడ్డు ఇలా ఇవ్వు," అన్నాడు నియాంద్రుడు.

"ఈ వరదలోనా? మతుండే అంటన్నావా? నది ఎట్టా పొంగుతుందో చూడు!"

చూడనక్కర లేదు. ఆ నది అతనికి పురిటినాటి చుట్టం. నలభై రోజుల పసికందుగా ఉన్నప్పుడు శత్రువులు తండ్రిని చంపేస్తే, దాది అతన్ని ఇలాంటి వరదలోనే నెత్తిన పెట్టుకుని ఈదింది. పన్నెండో ఏట సింహాసనం ఎక్కించారు. పదిహేడో ఏట దింపేశారు. ఇరవయ్యో ఏట కత్తి పట్టుకుని తానే వచ్చి ఎక్కాడు. అప్పటి నుంచి ఈ ముప్పై ఆరో ఏడు దాకా ఎనిమిది యుద్ధాలు చేశాడు, ఎనిమిదీ గెలిచాడు. గెలిచిన ప్రతిసారీ తిరిగొచ్చేవాళ్ళు తగ్గిపోయారు, ఊళ్ళో ఏడుపులు ఎక్కువయ్యాయి. రాజు ఆ ఏడుపులు వినలేదు. చెవుడేమీ లేదు, అప్పటికే తరవాతి యుద్ధానికి బయలుదేరిపోయి ఉండేవాడు.

ఇంత మొనగాడికీ ఒక్క భయం ఉంది. ఒకసారి గుహలో సోదె చెప్పే ముసలమ్మ అతని చెయ్యి చూసి, "కత్తి నిన్నేమీ చెయ్యదు. ఈటె నిన్నేమీ చెయ్యదు. ఇంటి కప్పు మీద పెంకు, అందులో ఆడదాని చేతి పెంకు, దాన్ని చూసి నడుచుకో," అంది. అది మొదలు మహారాజు ఏ ఊళ్ళోనైనా వీధి నట్టనడుమనే నడుస్తాడు, చూరు కిందికి పోడు. తన కోటకు పెంకులన్నీ పీకించి రాతి పలకలు వేయించాడు.

నియాంద్రుడు పడవలో కాలు పెట్టాడో లేదో, ఒడ్డున బురద కదిలింది. ముందు వేళ్ళు లేచాయి, తరవాత మోచేతులు, తరవాత తలలు. చూస్తుండగానే పన్నెండుమంది మట్టి సైనికులు, కళ్ళు ఉండాల్సిన చోట గుంటలతో, బురద కారుతూ లేచి నిలబడ్డారు. పడవవాడు కెవ్వుమని తెడ్డు వదిలేసి చెట్టెక్కాడు.

నియాంద్రుడి కత్తి మెరిసింది. మొదటివాడి తల తెగి దొర్లింది. వాడు వంగి గుప్పెడు బురద తీసుకుని మెడ మీద పెట్టుకున్నాడు, కొత్త తల వచ్చింది. రెండోవాడి పొట్టలో దూసిన కత్తి ముద్దలో దిగినట్టు దిగి ఒక పట్టాన బయటికి రాలేదు. ఇంతలో ఇద్దరు గోర్గసుడి గొంతు పట్టుకున్నారు. ముసలాయన వెనక్కి తూలి, ఒకణ్ణి కావలించుకునే నదిలో దబ్బున పడ్డాడు. మళ్ళీ లేచినప్పుడు ఒక్కడే లేచాడు. చేతిలో గుప్పెడు ఒండ్రు మాత్రం మిగిలింది.

"ప్రభూ, వీళ్ళు పచ్చిమట్టి! నీళ్ళకు కరిగిపోతున్నారు!"

ఆ మాట చాలు. నియాంద్రుడు పడవ మోకు అందుకుని, మట్టి సైనికుల చుట్టూ ఒక్క చుట్టు చుట్టి పరుగెత్తాడు. రెండో కొసను గుర్రం జీనుకు బిగించి, డొక్కలో ఒక్క చరుపు చరిచాడు. గుర్రం సకిలించి వరదలోకి దూకింది. దాని వెనకే పదకొండు మంది ఒకరి మీద ఒకరు పడుతూ నీళ్ళలోకి జర్రున జారిపోయారు. నది కాసేపు ఎర్రగా పారింది, తరవాత మామూలైంది.

"మీరే రాజుగారు!" అన్నాడు చెట్టు మీద నుంచి పడవవాడు.

"ఇందాక కాదన్నావుగా?"

"ఊళ్ళో ఉన్నాయన ఇంత హడావిడి చెయ్యడండీ. కూర్చున్న చోటి నించి కదలడు."

ఈదొచ్చి ఒడ్డెక్కిన గుర్రాన్ని పడవవాడికి వదిలి, వాళ్ళు అవతలి ఒడ్డు చేరి, గుట్ట ఎక్కేసరికి పెలియానగరం కనిపించింది. ఏం నగరం అది! మూడు వైపులా పాలరాతి కోటగోడలు, నాలుగో వైపు నీలాఖాతపు అలలు. ఏడు ద్వారాలు, ఏడింటికీ నోళ్ళు తెరిచిన కంచు సింహాలు. గోడల మీదుగా పాకిన ద్రాక్షతీగలు, వాటి నీడన నిద్రపోయే మేకలు. వీధి వీధికీ చల్లని నీటి ఊటలు. ఎర్రపెంకుల ఇళ్ళు కొండ అంచు నుంచి రేవు దాకా మెట్లు మెట్లుగా దిగుతుంటే, పొద్దుటి ఎండకు ఊరు ఊరంతా దానిమ్మపండు ఒలిచినట్టుంది. నడుమ కోటలో నల్లటి గోపురం. దాని చివర కిటికీ దగ్గర తెల్లటి బట్ట ఒకటి ఊగుతోంది.

"చెల్లి," అన్నాడు నియాంద్రుడు. గబగబా గుట్ట దిగడం మొదలుపెట్టాడు.

ద్వారం దగ్గర తోరస ద్వీపపు సైనికులు ఈటెలు అడ్డం పెట్టి, వచ్చిన ప్రతివాడి తలగుడ్డా విప్పించి ముఖం చూస్తున్నారు. దారి పక్కన ఒక ముసలావిడ, కుంటిదై కూలబడ్డ గాడిద ముందు నిలబడి, దాని వంశాన్నంతా వరసపెట్టి తిడుతోంది. గాడిద పక్కన రెండు గంపల నిండా ఇంటి పెంకులు.

నియాంద్రుణ్ణి చూడగానే ఆమె తిట్లు ఆపింది. "ఒరే పొడుగోడా! ఇట్రా! ఆ గంప నెత్తికెత్తుకో!"

పెంకుల గంప! మహారాజు ఒక్కడుగు వెనక్కి వేశాడు. గోర్గసుడు నవ్వు ఆపుకోలేక అటు తిరిగి దగ్గాడు.

"ఎక్కడికి అవ్వా?"

"ఎక్కడికేంది? మాటబండ కాడికి. గాలివానకి మండపం కప్పు లేచిపోయింది. ఆడ చూరు బోసిగా ఉంటే పెమాణం చెల్లదు. ఇయ్యాల పొద్దు నడినెత్తికి రాకముందే నేను నేసెయ్యాల. చూస్తావేంది గుడ్లప్పగించి?"

ఆమె పేరు తియానవ్వ. ఊళ్ళో సగం ఇళ్ళ పెంకులు ఆమె కుమ్మరి ఆవంలో కాలినవే. నియాంద్రుడు కత్తిని బట్టల్లో దాచి, ముఖానికి బురద పూసుకుని, తలగుడ్డ కిందికి లాక్కుని, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని గంప ఎత్తుకున్నాడు. ఎనిమిది యుద్ధాల్లో వంగని మెడ ఆ బరువుకు కాస్త వంగింది. రెండో గంప గోర్గసుడికి దక్కడంతో అతని దగ్గు తగ్గిపోయింది.

నడుస్తూనే ఆమె గంపలోంచి ఒక్కో పెంకు తీసి, వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టి వినేది. ఖంగుమంటే లోపల పెట్టేది. బద్దగా పలికిందాన్ని దారిలో పారేసేది.

"చూస్తే తెలీదా అవ్వా?"

"చూస్తే ఏం తెలుస్తది? పైకి అన్నీ ఎర్రగానే ఉంటయ్. మోగిస్తేగాని మాట చెప్పదు." ఆమె మరొక పెంకు తీసింది. ఇది గంపలోది కాదు, నడుముకు కట్టుకున్న గుడ్డలోది. దాన్ని మోగించకుండానే తుడిచి మళ్ళీ దాచుకుంది.

"అదేంటి?"

"నా చిన్నోడు చేసిన ఆకరి పెంకు. మూల మీద బొటనేలు ముద్ర ఉంది చూడు. పెద్దోడు మొదటి యుద్ధంలో పోయాడు. నడిపోడు నాలుగోదాంట్లో. ఈడు సముద్రం దాటి పోయాడు, ఏడో యుద్ధం. గెలిచారంట. దండోరా ఏశారు. నాకు శవం కూడా రాలా." ఆమె గుడ్డ ముడి బిగించింది. "ఈ పెంకు ఆ రాజుగాడి కోసం దాచా. ఆడెప్పుడూ ఈధి నడిమజ్జనే పోతాడు, చెయ్యి అందడు. ఇయ్యాల బండ మీద దొరుకుతాడు. ఈ ఏడు చీటీ కూడా నా పేరే వచ్చింది. ముందు నా మాట చెప్పి, ఆనక పెంకు ఏస్తా."

నియాంద్రుడి నెత్తి మీద గంప బరువు రెట్టింపైనట్టనిపించింది. సిగ్గు వేసింది, అంతగా సిగ్గు పడటం అతనికి అదే మొదలు.

"ఆగు!" ద్వారం దగ్గర సైనికుడు ఈటె అతని రొమ్ముకు ఆనించాడు. "తలగుడ్డ తియ్యి. పేరేమిటి?"

నియాంద్రుడు నోరు తెరిచేలోగా తియానవ్వ ఈటెను పుల్లలా పక్కకు నెట్టేసింది. "ఆణ్ణేం అడుగుతావు, మూగోడు! నా నాలుగో కొడుకు. ముగ్గుర్ని మింగింది చాలకా ఈణ్ణి కూడా పొడుస్తావా? పొడువు! పెంకులు నువ్వే మోసుకొచ్చి కప్పు నెయ్యి!"

సైనికుడు తడబడి దారి ఇచ్చాడు. ద్వారం దాటాక ఆమె నియాంద్రుడి వైపు చూడకుండానే అంది. "నువ్వెవడివో నాకు తెల్దు. ద్వీపపోళ్ళకి దొరక్కూడని మొగమేదో ఉంది నీకు. నాకది చాలు."

మాటబండ చుట్టూ నేల ఈనినట్టు జనం. గుండ్రంగా కట్టిన మండపాల కప్పుల మీద ఎండ మండుతోంది. బండ మీద మేకకొమ్ముల శిరస్త్రాణం పెట్టుకుని నియాంద్రుడు నిలబడి ఉన్నాడు! అదే ఎత్తు, అదే గడ్డం, కనుబొమ మీద అదే పాత గాటు. గంట కొట్టినంత స్పష్టంగా పాత వాక్యాలన్నీ పలుకుతున్నాడు. ఉల్లిపాయల దాకా వచ్చాడు. పక్కన నల్లని అంగీలో మెలాంతకుడు, పాము కళ్ళతో కర్ర నీడనే చూస్తున్నాడు. ఆ నీడ ఇక బెత్తెడే ఉంది. బండ వెనక గొలుసులతో కట్టిన రెక్కల సింహం ఒకటి ఆవలిస్తోంది. దాని పక్కన, ఇద్దరు సైనికుల మధ్య, క్లియోన. ప్రమాణం రోజున రాజకుటుంబం అక్కడ కనిపించాలి గనక తెచ్చి నిలబెట్టారు. నోటికి పట్టీ కట్టి, "గొంతు నొప్పి" అని చెప్పారు.

తియానవ్వ గంప లాక్కుని నిచ్చెన ఎక్కి, బండను ఆనుకున్న మండపం కప్పు మీదికి పోయింది. గోర్గసుడు ఊట దగ్గర కుండ ముంచుకొచ్చాడు. "పచ్చిమట్టి ప్రభూ," అని గొణిగాడు. "ఒక్క కుండ చాలు."

నియాంద్రుడు కత్తి తీసి నేల మీద పెట్టాడు. తలగుడ్డ ఊడబీకి, ఒక్క దూకులో బండెక్కాడు.

"పెలియ ప్రజలారా! వీడు నేను కాదు!"

జనం హాహాకారాలు చేశారు. ఇద్దరు రాజులు! గోర్గసుడు పరుగున వచ్చి, "వీడు మట్టిబొమ్మ, చూడండి!" అని అరుస్తూ కుండెడు నీళ్ళూ దొంగరాజు మీద కుమ్మరించాడు. నీళ్ళు గడ్డం మీదుగా కారి బండ మీద పడ్డాయి. దొంగరాజు కరగలేదు. రెప్ప కూడా వేయలేదు.

మెలాంతకుడు పగలబడి నవ్వాడు. "బహురూపులవాళ్ళు! బాగుంది మీ ఆట. కానీ నీడ దగ్గరపడింది. ఈ ఏడాది చీటీ ఎవరిది? వాక్యం చెప్పించండి, తొందరగా!"

"నాది!" కప్పు మీద నుంచి వినిపించింది. తియానవ్వ చూరు నేయడం ముగించి, దాని అంచున నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "చెప్తాలే. ఎవుడికి చెప్పాలో తెలియొద్దా? ఓ చెవిలేని ముసలోడా! మట్టిబొమ్మంటన్నావు, నీళ్ళెవురు పొయ్యమన్నారు నిన్ను? కాలిన మట్టి నీళ్ళకి కరుగుద్దా? అట్టా కరిగితే వానాకాలం మీ కొంపల కప్పులేమయ్యేవి?"

జనంలో కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. వంగి దొంగరాజు మెడ వంక చూసింది. ఆవంలో ఒకదానికొకటి ఆనుకుని కాలిన కుండలకు పడేలాంటి నల్లమచ్చ చెవి వెనక ఉంది.

"మచ్చయితే ఉంది. మచ్చలు మడుసులకీ ఉంటయ్. మోగించి చూస్తా." ఆమె రెండు చేతుల్లో రెండు పెంకులు తీసుకుంది. ఒకటి గంపలోది, రెండోది గుడ్డలోది. "ఇద్దరికీ చెరొకటి. ఎవురికి ముందు?"

మెలాంతకుడి ముఖం పాలిపోయింది. "రాజు మీద పెంకు విసురుతావా? చంపేయండి దాన్ని!"

"ఈ పొద్దున దేశానికి రాజు లేడు," అన్నాడు నియాంద్రుడు. అతని గొంతు ఆ ఆవరణంతా వినిపించింది. "ఎవరి మీదైనా విసరచ్చు. అవ్వా! నీ కొడుకుల్ని యుద్ధానికి తీసుకుపోయింది నేనే. గంప మోసిన మూగవాణ్ణి నేనే. ముందు నాకు వెయ్యి!"

ఆ సోదె సంగతి ఊళ్ళో కొందరికి తెలుసు. "వద్దు ప్రభూ! చూరు కింద నిలబడకండి!" అని గోర్గసుడు ఏడుపు గొంతుతో అరిచాడు. నియాంద్రుడు ఇంకా రెండడుగులు ముందుకు వేసి, సరిగ్గా చూరు కిందికి వచ్చి, తలెత్తి నిలబడ్డాడు. పదహారేళ్ళుగా తప్పించుకు తిరిగిన చోటు అది. అయినా అతను కదలలేదు.

తియానవ్వ అతన్ని తేరిపార చూసింది. తరవాత, చిన్నకొడుకు ముద్రున్న పెంకు ఎత్తి, ఇన్నేళ్ళ కోపమంతా చేతిలోకి తెచ్చుకుని విసిరింది.

అది నుదుటి పక్కగా తగిలి, జారి, బండ మీద పడి రెండు ముక్కలైంది. నియాంద్రుడు మోకాళ్ళ మీద పడ్డాడు. ముఖమంతా నెత్తురు. అతను చెయ్యి ఆనించి మెల్లగా లేచాడు.

"బద్దగా పలికింది," అంది తియానవ్వ. "ఈడు మడిసే."

రెండో పెంకు రయ్యిన పోయి దొంగరాజు శిరస్త్రాణం కింద తగిలింది.

ఖంగ్!

ఆ మోత మండపాలన్నీ తిరిగి వచ్చింది. దొంగరాజు చెంప మీద వెంట్రుకంత గీత పడింది. అది మెడ దాకా, రొమ్ము దాకా పాకి, మనిషి మనిషంతా పెళ్ళున పగిలాడు. లోపల ఏమీ లేదు. మసి, నల్లటి పొగ, అంతే.

ఇక చూడాలి! నలభై వేలమంది ఒక్కసారి లేచారు. కొడవళ్ళు లేవు, కత్తులు లేవు, ప్రమాణం నాడు ఎవరూ తేరు. పీటలు, కుండలు, చెప్పులు పనికొచ్చాయి. ద్వీపపు సైనికులు రేవు దారి పట్టారు. మెలాంతకుడు పొగలోంచి క్లియోన జుట్టు పట్టి లాగి, రెక్కల సింహం మీదికి ఎక్కించుకుని ఎగిరాడు. పైకి లేస్తూండగా ఆమె నోటి పట్టీ పీకేసి వాడి మణికట్టు కరిచింది. వాడి అరుపు కిందికి వినిపించింది. వెనకే మాటలు.

"నియాంద్రా! అమావాస్య లోపల నీ సైన్యమంతా తీసుకుని తోరస ద్వీపానికి రా! రాకపోతే నీ చెల్లెల్ని కూడా ఆవంలో పెట్టి కాలుస్తాను!"

"నీడ!" అని ఎవరో అరిచారు.

కర్ర నీడ రెండు వేళ్ళంత మిగిలింది. నియాంద్రుడు నెత్తురు కళ్ళల్లోకి కారుతుండగా బండ నడుమకు వచ్చి పాత వాక్యాలన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు. తరవాత తలెత్తి తియానవ్వ వంక చూశాడు. జనమంతా అటే చూశారు.

ఆమె ఆకాశంలో చుక్కలా చిన్నదైపోతున్న రెక్కల సింహాన్ని చూసింది. కింద నిలబడ్డ మనిషిని చూసింది. ఆ వాక్యం ఈ క్షణంలో ఎంత బరువో ఆమెకు తెలుసు. ఆమె కూడా తల్లే. అయినా మాట మార్చలేదు.

"ఏ తల్లి బిడ్డనీ సముద్రం దాటించి యుద్ధానికి తీసుకుపోను. చెప్పు!"

ఈ మాట పలికితే సైన్యం కదలదు, చెల్లెలు దక్కదు. పలక్కపోతే నీడ దాటిపోతుంది, పెలియకు రాజు ఉండడు. రాజులేని రేవులోకి ద్వీపపు ఓడలు సాయంత్రానికల్లా వస్తాయి. ఆకాశం వంక ఒక్కసారి చూసి, నియాంద్రుడు గొంతు చించుకుని పలికాడు.

"ఏ తల్లి బిడ్డనీ సముద్రం దాటించి యుద్ధానికి తీసుకుపోను!"

"చట్టం ప్రకారం నిలుపుతాం!" అన్నారు జనం. నీడ కర్రలో కలిసిపోయింది. గంపలోంచి కిరీటం తీసి నెత్తురు తల మీద పెట్టారు. రాజు దాన్ని తీసి గోర్గసుడి చేతిలో పెట్టాడు. వంగి, పగిలిన పెంకులో బొటనవేలి ముద్రున్న ముక్క ఏరుకుని నడుముకు కట్టుకున్నాడు. రేవు వైపు నడిచాడు.

పదివేల మంది వెంటపడ్డారు. "మేమొస్తాం ప్రభూ! మీరు తీసుకుపోవద్దు, మేమే వస్తాం!"

"మాటబండ తడి ఆరలేదు, అప్పుడే సందులు వెతుకుతారా?" అని కసిరాడు. "వెనక్కి పొండి! గోర్గసా, తూర్పు నుంచి సైన్యం వచ్చేదాకా రేవు నీది. ఒక్క ద్వీపపు ఓడ లోపలికి వచ్చినా నీ రెండో చెవి నేను కోస్తాను."

"మరి మీరు?"

"మీ బిడ్డల్ని దాటించనన్నాను. నేను దాటనని అనలేదు. మెలాంతకుడు సైన్యంతో రమ్మన్నాడు. వాడు చెప్పినట్టు వెళ్ళడానికి నేనేం వాడి బొమ్మనా?"

గోర్గసుడు కిరీటాన్ని గుండెకు అదుముకుని, ముక్కు ఎగబీలుస్తూ నిలబడిపోయాడు. రాజు ఒక చేపల పడవ తాడు విప్పి నీళ్ళలోకి తోశాడు. తోస్తే అది ఖాళీ పడవ కంటే బరువుగా కదిలింది. చూస్తే, ముందు కొసన గంప ఒళ్ళో పెట్టుకుని తియానవ్వ కూర్చుని ఉంది.

"దిగు అవ్వా! ఏ తల్లి బిడ్డనీ తీసుకుపోనని ఇప్పుడే గదా నా చేత అనిపించావు. నువ్వూ ఒక తల్లి బిడ్డవే."

"అనిపించినదాన్ని నాకు తెల్దా? ఆడు మట్టి కాల్చేవోడు, నువ్వు కత్తి తిప్పేవోడు. ఆ దీవిలో ఇంకెన్ని బొమ్మలున్నయ్యో, ఏది మడిసో ఏది పెంకో నీకేం తెలుసు?" ఆమె కొంగు బిగించింది. "నువ్వు నన్ను తీసుకుపోటంలా. నేనే నిన్ను తీసుకుపోతన్నా. తెడ్డెయ్యి!"

నియాంద్రుడు నుదుటి మీద నెత్తురు తుడుచుకున్నాడు. గుహలో సోదె చెప్పిన ముసలమ్మ పెంకు అంది గాని, ఏ పెంకో చెప్పలేదు. అతను ఆమె ఒళ్ళో గంప వంక ఒకసారి చూశాడు, నవ్వాడు, తెడ్డు వేశాడు.

గంపలో ఇంకా పదకొండు పెంకులున్నాయి.